ఎర్ర ట్యూబు చుట్టిన షాఫ్టు

"అయిదు గంటలకు నా రిపోర్టు ఎస్సై గారి టేబుల్ మీదుంటుంది మేడమ్. అయిదున్నరకల్లా ఆశీర్వాదం అరెస్టవుతాడు. మీ చేతిలో ఉన్నది రెండు గంటల యాభై నిమిషాలు," అన్నాడు విజయ్.

స్రవంతి వాచీ చూసుకుంది. రెండూ పది. విజయ్‌కి లెక్కలు ఎప్పుడూ తప్పవు. ఆరేళ్ల కిందట హైదరాబాదు ఫోరెన్సిక్ ల్యాబులో ఆమె దగ్గరే పని నేర్చుకున్నాడు. నేర్చుకోకుండా మిగిల్చింది ఓపిక ఒక్కటే. ఇప్పుడతను ఇన్సూరెన్సు కంపెనీ తరఫున దర్యాప్తు చేస్తున్నాడు. ఆమె ఆ ఉద్యోగం వదిలేసి, వనపర్తిలో ఒక మేడ మీది గదికి డిటెక్టివ్ అని బోర్డు తగిలించుకుంది. ఆ బోర్డు చూసి పెళ్లి సంబంధాల వాకబుకు వచ్చేవాళ్లే ఎక్కువ. ఇలాంటి కేసు ఏడాదికొకటి దొరికితే గొప్ప.

కేసు చూడబోతే చిన్నది. ఎనిమిది రోజుల కిందట, సోమవారం మధ్యాహ్నం మూడూ పదికి, గద్వాల శివార్లలోని ఈ జిన్నింగ్ మిల్లులో ఒకటో బ్లోయర్ షాఫ్టు విరిగింది. పత్తిని గొట్టాల్లోంచి లాగే ఆ పెద్ద ఫ్యాను రేకు డబ్బాను చీల్చుకుని బయటికొచ్చి, పక్కనే నిలబడ్డ రవి అనే ఇరవై ఆరేళ్ల కార్మికుణ్ని పొట్టన పెట్టుకుంది. అంతకు కొద్దిరోజుల ముందే ఆ షాఫ్టు అరిగిపోతే వనపర్తిలోని ఒక చిన్న వర్క్‌షాపులో లేజర్‌తో బాగు చేశారు. చేసిన మనిషి ఆశీర్వాదం. దాంతో అందరి వేళ్లూ అతనివైపే తిరిగాయి.

అతని కూతురు రజిత ఆదివారం మేడమెట్లెక్కి వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు. "మా నాయన వారం దినాల సంది బువ్వ ముడ్తలేడు మేడమ్. తప్పు చేసిండో చెయ్యలేదో జర తేల్చుండ్రి. చేస్తే చేసిండనే చెప్పుండ్రి," అంది. స్రవంతి కేసు ఒప్పుకున్నది ఆ చివరి మాటకే.

ఈ ఉదయం వర్క్‌షాపులో ఆశీర్వాదాన్ని గంటసేపు ప్రశ్నించింది. యాభై దాటిన మనిషి, చేతులు కట్టుకుని తన యంత్రం పక్కనే నేరస్తుడిలా నిలబడ్డాడు.

"గీ ముక్కులకెల్లి లోహపు పొడి పడ్తది. పడ్తుండంగనే లేజరు కరగబెడ్తది. గోరంత గుంట, అంతే. కింది ఇనుముతోని కలుస్తది గని దాన్ని కాల్చదు. అరిగినంత మందం పోసి, నున్నగ గ్రైండింగు చేస్త."

"ఏం పొడి వాడినవ్?"

"స్టెయిన్‌లెస్. మంగళవారం రాత్రి ఏడున్నరకు పనయింది. బేరింగు కూసునే జాగకు గీత పడొద్దని పాత సైకిల్ ట్యూబు చుట్టి పెట్టిన. ఎర్రది. బుధవారం పొద్దుగాల తొమ్మిదిన్నరకు ఆటోల గద్వాలకు పంపిన."

"ట్యూబు సులువుగా ఊడుతుందా?"

"ఊడది. కత్తితోని కోసి తియ్యాలె." ఆ తరువాత ఆశీర్వాదం ఆమె అడగని మాట ఒకటి చెప్పాడు. "ఇరిగింది నా పనే అయితె, పోలీసులు రానక్కర లేదు మేడమ్. నేనే నడ్సుకుంట పోత."

స్రవంతికి ఆ పని విధానం వినగానే అర్థమైంది. ఆమె పుట్టింది గద్వాల నేతగాళ్ల ఇంట్లో. నూలు చీరకు పట్టు అంచును కుట్టరు, నేతలోనే పోగుకు పోగు లంకె వేసి కలుపుతారు. ఆ కలిపిన చోట చీర చిరగడం ఆమె చూడలేదు. ఆశీర్వాదం పని కూడా ఆ జాతిదే అనిపించింది. అనిపించడం సాక్ష్యం కాదని ఆమెకు తెలుసు. తెలిసినా అతను తప్పు చేయలేదని తేలాలని మనసు కోరుకుంటోంది. అందుకే తనమీద తానే ఒక కన్నేసి ఉంచింది.

మిల్లులో ఒకటో షెడ్డుకు పోలీసులు తాడు కట్టారు. విరిగిన షాఫ్టు రెండు ముక్కలూ గోనెపట్టా మీద ఉన్నాయి. రెండో షెడ్డులో రెండో బ్లోయర్ మాత్రం హోరుమని తిరుగుతోంది. సీజను కదా, చావుకైనా సగం మిల్లే ఆగింది. స్రవంతి ముందు అటే నడిచింది. రేకుల మీద, గొట్టాల మీద, స్విచ్చుల మీద, ఆఖరికి గోడమీది గడియారం మీద కూడా వేలెడు మందాన దూది పొట్టు పేరుకుని ఉంది. రెండో బ్లోయర్ బేరింగు మూత ఒక్కటే శుభ్రంగా మెరుస్తోంది. నోటుబుక్కులో ఒక గీత గీసి వెనక్కి వచ్చేసింది.

"విరిగిన ముఖం ముట్టుకోవద్దని ఎస్సై గారు చెప్పారు," విజయ్ గుర్తుచేశాడు.

"ఇంకో కొస ముట్టుకోవచ్చనీ రాసిచ్చారు," అంటూ ఆమె కాగితం చూపించింది. తాడు దగ్గర కాపలా ఉన్న కానిస్టేబులు ఫోనులో వీడియో తీయడం మొదలుపెట్టాడు.

ఆమె నేలమీద చతికిలబడి షాఫ్టు కొసను ఎమెరీ కాగితంతో రుద్దసాగింది. గరుకుది, తరువాత సన్నది, ఆ తరువాత ఇంకా సన్నది. ఇరవై నిమిషాలకు ఆ ముఖం అద్దంలా తేలింది. సంచిలోంచి చిన్న సీసా తీసింది. గద్వాలలో తెలిసిన కంసాలి దగ్గర వస్తూ వస్తూ అడిగి తెచ్చుకున్న నైట్రిక్ యాసిడ్, స్పిరిట్‌లో నాలుగు చుక్కలు కలిపింది. అద్దడానికి దూది కావాలి. దూదికి ఆ మిల్లులో కరువు లేదు.

"ఈ యాసిడ్‌కు మామూలు ఇనుము నల్లబడుతుంది. స్టెయిన్‌లెస్ మొహం మార్చుకోదు. ఆశీర్వాదం చేసిన షాఫ్టయితే అంచున వెండి గాజులా సన్నటి తెల్ల రింగు మిగలాలి," అని చెప్పి అద్దింది.

ముగ్గురూ వంగి చూశారు. ముఖమంతా బూడిదరంగుకు తిరిగింది. తెల్ల రింగు లేదు. అంచు చుట్టూ చిటికెన వేలంత వెడల్పున ఒక నల్లటి పట్టీ మాత్రం పైకి తేలింది.

విజయ్ నవ్వాడు. "స్టెయిన్‌లెస్ అని చెప్పి చవక పొడి పోశాడన్నమాట. నా పని మీరే సులువు చేశారు."

"ఆ నల్ల పట్టీ చూడు. ఇనుము ఎంత లోతు కాలిందో. లేజర్ ఇంత లోతు కాల్చదు, ఇది రాడ్ వెల్డింగు. విరిగింది కూడా ఇలా కాలినచోటే. ఇది ఆశీర్వాదం చేసిన షాఫ్టే కాదు."

"అది మీ అభిప్రాయం. ల్యాబు చెప్పాలంటే మూడు వారాలు పడుతుంది. నా రిపోర్టు ఈరోజే వెళ్లాలి."

"మూడు వారాలు ఆగితే కొంపలేం మునగవు విజయ్."

"మా కంపెనీ నాకు జీతమిచ్చేది ఆగడానికి కాదు మేడమ్. మీరు ఆగీ ఆగీ ఉద్యోగం వదులుకున్నారు." అన్నాక అతనికే నాలుక కరుచుకోవాలనిపించినట్టుంది, చూపు తిప్పుకున్నాడు. స్రవంతికి ఆ మాట గుచ్చుకుంది. చేతులు తుడుచుకుని మిల్లు ఆఫీసు గదిలోకి నడిచింది. మూడూ ఇరవై.

మిల్లు యజమాని నాగేశ్ నలభై ఏళ్లవాడు. మాట తియ్యన, కాళ్లు మాత్రం బల్లకింద ఒకచోట నిలవడం లేదు.

"వనపర్తి షాఫ్టు ఎప్పుడొచ్చింది నాగేశ్ గారూ?"

"బుధవారం పదిన్నరకు వచ్చె. పదకొండున్నరకు మాసయ్య బిగిచ్చిండు. సోమవారం దాంక మంచిగనే తిరిగె. మాకేం ఎరుక మేడమ్, గట్ల ఇరుగుతదని."

"బిగించేదాకా ఒకటో బ్లోయర్ ఆగే ఉందా?"

"ఆగే ఉండె. గీ బుక్కుల సూడుండ్రి." రిజిస్టరు ముందుకు తోశాడు. బుధవారం, పదకొండున్నర, కింద ఫిట్టరు మాసయ్య సంతకం. అన్నీ నీటుగా ఉన్నాయి.

స్రవంతి తల ఎత్తి గోడమీది క్యాలెండరు చూసింది. ఆ బుధవారం గడిలో నల్లటి చుక్క ఉంది. అమావాస్య.

ఆమె వెంటనే కుర్చీలోంచి లేచి, నాగేశ్ చెప్పబోయిన టీ మాట మధ్యలోనే వదిలేసి మాసయ్యను వెతుక్కుంటూ వెళ్లింది.

మాసయ్య స్టోరుగది గడపమీద కూర్చుని ఉన్నాడు. పాన, సుత్తి ఉండే సామాన్ల పెట్టె పక్కన మూసి ఉంది. చచ్చిపోయిన రవి ఇతని అల్లుడు. ఎనిమిది రోజుల్లో మనిషి గడ్డం నెరిసి, కళ్లు గుంటలు పడ్డాయి.

"మాసయ్య కాకా, బుధవారం షాఫ్టు బిగించింది నువ్వేనా?"

"బుక్కుల ఉన్నది గద బిడ్డా."

"బుక్కు చూసిన. నిన్ను అడుగుతున్న."

స్రవంతి అతని ఎదురుగా నేలమీదే కూర్చుంది.

"మాది గద్వాలే కాకా. మా నాయన మగ్గం నేస్తుండె. అమావాస్య నాడు మగ్గం మీద బట్ట కప్పి, పోగు నేసే నాడె ముట్టకపోతుండె. ఒకసారి షావుకారు వచ్చి ఇంట్ల కూసోని బతిమాలినా పట్టలే. నీ పాన అమావాస్య నాడు లేస్తదా?"

మాసయ్య చెయ్యి పెట్టె మీదికి పోయి అక్కడే ఉండిపోయింది. విజయ్ ఎప్పుడొచ్చాడో గుమ్మం పక్కన నిలబడి వింటున్నాడు.

"ఇరవై తొమ్మిదేండ్ల సంది ఎన్నడు లేవలే," అన్నాడు మాసయ్య.

"మరి సంతకం?"

"రవిని ఇంటి ముంగట పండుకోబెట్టి ఉన్నం. సేటు వచ్చి బుక్కు పెట్టిండు. నాకేమన్న కనబడ్తుండెనా అప్పుడు? పెట్టిన." ఇక ఆపలేకపోయాడు. "మంగళవారం సందెకే బిగిచ్చిన బిడ్డా. అది వనపర్తి షాఫ్టు గాదు. గోదాముల ఎల్డింగు చేపిచ్చిన స్పేరుండె. సేటు అన్నడు, రేపు నువ్వు పాన ముట్టవు, బేస్తవారం దాంక ఆపితె పత్తి లారీలు వాపస్ పోతయి, ఇయ్యాల స్పేరన్న ఎక్కియ్యి అని. ఎక్కిచ్చిన. మంచి షాఫ్టు తెల్లారి వచ్చె. బ్లోయర్ తిరుగుతనే ఉన్నది గద అని గోదాముల పెట్టిచ్చిండు. నాకు గా అమావాస్య పట్టింపు లేకుంటె మంచిదే ఎక్కుతుండె. రవి బతికి ఉంటుండె."

"ఇన్ని రోజులు ఎందుకు చెప్పలే?"

"నోరు తెరిస్తె అల్లుణ్ని సంపినోడివి నువ్వే అయితవ్ అన్నడు. నా బిడ్డ రోజు అడుగుతది, నాయనా, ఆ షాఫ్టు ఎవరు బిగిచ్చిన్రు అని. ఏమని చెప్పాలె?"

స్రవంతి అతని దగ్గరికి జరిగింది. ఎందరినో ప్రశ్నించింది గాని, ఇలా అడిగినందుకు తానే సిగ్గుపడ్డ సందర్భాలు తక్కువ. అతని మోకాలి మీద చెయ్యి వేసింది. "వెల్డింగు చేసింది నువ్వు గాదు కాకా. పట్టింపును అడ్డం పెట్టుకుని తొందర చేసింది నువ్వు గాదు."

"ముసలాయన మాట ఒక్కటే చాలదు మేడమ్," అన్నాడు విజయ్. ఈసారి గొంతులో వెటకారం లేదు. "దుఃఖంలో ఏదైనా అంటాడు. వనపర్తి షాఫ్టు ఏది మరి?"

"నువ్వు ఇక్కడికి ఎప్పుడొచ్చావు?"

"ప్రమాదం మర్నాడు, మంగళవారం ఉదయం పదింటికి."

"ఫోటోలు?"

"రెండు వందల పద్నాలుగు."

"గోదామువి చూపించు."

విజయ్ అయిష్టంగానే ఫోను తెరిచాడు. పత్తి బేళ్లు, తూకం కాటా, అగ్నిమాపక సిలిండర్లు. ఏడో ఫోటో దగ్గర ఆమె అతని వేలు పట్టుకుని ఆపింది. బేళ్ల వెనక గోడవారగా ఒక పొడుగాటి ఇనుప కడ్డీ ఉంది. కడ్డీ కొసకు ఎర్రటి రబ్బరు ట్యూబు చుట్టి ఉంది. కోత పడలేదు.

విజయ్ ఫోటోను పెద్దది చేశాడు. మళ్లీ చేశాడు. విరిగిందని తాను రాసిన షాఫ్టు, విరిగిన మర్నాడు తన ఫోటోలోనే చెక్కుచెదరకుండా పడుకుని ఉంది. అతని చెవులు ఎర్రబడ్డాయి. స్రవంతి ఏమీ అనలేదు. అనకపోవడమే పెద్ద శిక్ష అని ఆమెకు తెలుసు.

గోదాముకు వెళ్లారు. గోడవార ఖాళీ. నాలుగూ అయిదు.

"కాకా, స్పేరు వెల్డింగు చేయించినప్పుడు ఎన్ని చేయించిండు?"

"రెండు. ఒక్క దినమే, ఒక్క లేతు కాడనే. ఒకటి స్పేరు. ఇంకోటి రెండో బ్లోయర్ల..." మాసయ్య మాట అక్కడే ఆగిపోయింది.

రెండో షెడ్డు హోరు వాళ్లకు అప్పుడు కొత్తగా వినిపించింది. బ్లోయర్ డబ్బా పక్కన నలుగురు ఆడవాళ్లు పత్తి ఎగదోస్తున్నారు. స్రవంతి పరుగెత్తింది. నాగేశ్ ఎదురొచ్చి చేతులు చాచాడు.

"నడుస్తున్నది మేడమ్, లోడు మీదున్నది. నడుమ ఆపితె గొట్టం జామైతది."

ఆమె ఏదో అనేలోపే మాసయ్య ఇద్దర్నీ దాటుకుని వెళ్లి మెయిన్ స్విచ్చు కిందికి లాగేశాడు. హోరు తగ్గుతూ తగ్గుతూ ఆగింది. ఆడవాళ్లు చేతుల్లో పత్తితోనే నిలబడిపోయారు.

అప్పుడు స్రవంతి నోటుబుక్కులోని గీత గుర్తొచ్చి బేరింగు మూత వైపు మళ్లీ చూసింది. మిల్లంతా దూది పట్టినా, ఈ ఒక్కటీ శుభ్రంగా ఉంది. బోల్టుల మూలలు పాన జారి కొత్తగా చెక్కుకుపోయాయి.

"కాకా, ఈ మూత నువ్వు విప్పినవా?"

"నేను విప్పితె బోల్టు గట్ల చెక్కుతదా? ఇది నా చెయ్యి గాదు."

"విప్పు."

మాసయ్య పెట్టె తెరిచాడు. ఎనిమిది రోజుల తరువాత పాన పట్టాడు. మూత ఊడింది. లోపల షాఫ్టు కొస కనిపించింది, దాని పక్కనే గ్రీజులో అంటుకున్న ఎర్రటి రబ్బరు ముక్క, గోరంత. స్రవంతి ఎమెరీ కాగితం అందుకుంది. విజయ్ చొక్కా చేతులు మడుచుకుని, "ఇటివ్వండి, నేను రుద్దుతాను," అన్నాడు. ఆమె ఇచ్చింది. అతను తొందరపడకుండా రుద్దాడు.

యాసిడ్ అద్దగానే మధ్యభాగం బూడిదరంగుకు తిరిగింది. అంచు చుట్టూ సన్నటి తెల్లటి రింగు, వెంట్రుక వాసి తేడా లేకుండా నిలిచింది. ఆడవాళ్లు కూడా దగ్గరికొచ్చి చూశారు.

స్రవంతి ఆశీర్వాదాన్ని తలుచుకుంది. వారంగా అన్నం మానేసిన మనిషి పనితనం ఇందాకటిదాకా ఇక్కడ హాయిగా తిరిగింది. ఆమెకు కోపం ఆగలేదు.

"నాగేశ్, ప్రమాదం మర్నాడు మధ్యాహ్నం అందరూ రవి అంత్యక్రియలకు పోయిన్రు. అప్పుడే మార్పిచ్చినవు కదా? ఈ షాఫ్టే మనిషిని సంపిందని పోలీసులకు చెప్పినవ్. నీ మిల్లుకు మాత్రం దాన్నే ఎక్కించుకున్నవ్. ఏది విరుగుతదో, ఏది విరగదో నీకు మొదలే తెల్సు."

నాగేశ్ గోడకు ఆనుకున్నాడు. విజయ్ ఫోను తీసి, "సార్, నా రిపోర్టు రావట్లేదు. ఆశీర్వాదం కోసం ఎవర్నీ పంపొద్దు. మీరే ఇక్కడికి రావాలి," అని ఎస్సైతో చెప్పాడు. నాలుగూ నలభై రెండు. అనుకున్న గడువుకు ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది.

స్రవంతి మాత్రం కదలలేదు. తెల్ల రింగు వైపే చూస్తోంది. ఇది లోపలికి వచ్చిందంటే, లోపల ఉన్నది బయటికి పోయి ఉండాలి.

"ఇందులోంచి తీసిన షాఫ్టు ఏది?"

"అది లేదు మేడమ్. పోయింది," అన్నాడు నాగేశ్ నీరసంగా. "నాగర్‌కర్నూల్ల మా బావమరిదికి గూడ గిసొంటి మిల్లే ఉన్నది, గివే బ్లోయర్లు. ఆడి ఫిట్టరే వచ్చి మార్చిండు. పాతది తీస్కపోయి యాడన్న బాయిల పారెయ్యమన్న. పారేస్త అన్నడు."

మాసయ్య పాన కింద పెట్టాడు.

"లేతు మీద తిప్పిన షాఫ్టు, నున్నగ, కొత్తదాని లెక్క ఉన్నది. ఏ ఫిట్టరన్న దాన్ని పారేస్తడా సేటూ?" అన్నాడు.

నాగేశ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. గబగబా ఫోను తీసి బావమరిదికి కలిపాడు. మిల్లు మొత్తం ఆగి ఉండటంతో అవతలి రింగు అందరికీ వినిపిస్తోంది. ఆరుసార్లు మోగింది. ఏడోసారి ఎత్తారు.

"ఆలో, బావా? ఏందీ? ఇనొస్తలేదు, జర గట్టిగ చెప్పు," అని అరిచింది అవతలి గొంతు. ఆ గొంతు వెనక, దాన్ని మింగేస్తూ, నిండు లోడు మీద తిరుగుతున్న బ్లోయర్ హోరు.